మూడో చరణంలో తెగిన ఊపిరి

శామీర్‌పేట,
6 అక్టోబర్ 2025

బెన్నీకి,

"అవ్వా, నా దోస్తులు ఒక్కరు కూడా నీకు నచ్చరు" అని రాశావు. తప్పు. బడిలో అన్నేళ్ళు దిద్దిన చెయ్యి ఊరుకోదు గనుక దిద్దుతున్నాను. నీ దోస్తుల్లో ముగ్గురు నాకు బాగా నచ్చారు. చర్చిలో నీ పక్కన నిలబడి పాడే ఆ తెల్లచొక్కాల ముగ్గురు. వాళ్ళకు ముగ్గురు జ్ఞానులని పేరు కూడా పెట్టుకున్నాను. తల దువ్వుకుంటారు, వందనాలు చెప్తారు, టీ తాగిన గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్తారు. నాకు నచ్చనివాడు ఒక్కడే. కాబట్టి "ఒక్కరు కూడా" అన్నది కొట్టేసి "చింటు" అని రాసుకో.

రెండో తప్పు. నిన్ను జైల్లో పెట్టానన్నావు. నిన్ను పెట్టింది నిజామాబాద్‌లో మీ రెబెక్కా అత్త ఇంట్లో, ఫ్యాను కింద, వేడన్నం దగ్గర. పిల్లల హోంలో పెట్టింది చింటును. నీ ఫోన్ నా బిస్కెట్ల డబ్బాలో నోరు మూసుకుని భద్రంగా ఉంది. ఆ ఫోన్ నీ దగ్గరుంటే చింటు తరఫువాళ్ళు ఎవరో ఒకరు నిన్ను పిలుస్తారు, నువ్వు కరుగుతావు. పోనీ రెబెక్కా ఫోన్లో మాట్లాడుకుందామంటే, ఫోన్ దగ్గరికి తేగానే నా చెవి మిషన్ కుక్కర్‌లా కూస్తుంది. కాబట్టి ఉత్తరాలే. నీ చేతిరాతకు కూడా మంచిది, అది చూస్తే నేను ఎవరికో చదువు చెప్పానంటే ఎవరూ నమ్మరు.

అసలేం జరిగిందని రెబెక్కా అడుగుతోందట, నువ్వు చెప్పడం లేదట. ఇది ఆమెకు చదివి వినిపించు.

సెప్టెంబర్‌లో ఒక శనివారం సాయంత్రం చెరువు కట్ట మీద ఎవరో సందర్శకులు నిలిపిన మోటార్‌సైకిల్ మాయమైంది. కాసేపటికి అది ఔటర్ రింగు రోడ్డు పక్కన సర్వీసు దారి మీద మక్కకంకులు కాల్చి అమ్ముకునే బాలేష్‌ను వెనక నుంచి గుద్దింది. కాలు విరిగింది. బొగ్గుల మీదికి వంగి ఉన్నవాడు, నడిపిందెవరో చూడలేదు. పోలీసులు ఆస్పత్రికి వెళ్ళేసరికి అతని మంచం పక్కన మల్లేష్ కొడుకు చింటు కూర్చుని ఉన్నాడు, చొక్కా నిండా రక్తం. ఎవరు నడిపార్రా అంటే నోరు విప్పడు. అంతకుముందు కూడా కట్ట మీద బండ్లు పోయాయి, పెట్రోలు అయ్యాక తుప్పల్లో దొరికాయి. పొద్దంతా కట్ట మీద ఉండేది ఎవరు? చెరువులో చేపలు పట్టే మల్లేష్, అతని కొడుకు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు.

మర్నాడు ఎస్సై మన ఇంటికి వచ్చాడు. "మీ మనవడు ఆ చింటుకు దోస్తట గదా మేడమ్, నిన్న సాయంత్రం ఎక్కడున్నడు?" అన్నాడు. చర్చి హాల్లో పాట ప్రాక్టీసులో ఉన్నాడన్నాను. మీరు చూశారా అన్నాడు. చూడనక్కర్లేదు, విన్నానన్నాను. హాలు మైకు మన వసారాలోకి వినిపిస్తుంది. నీ గొంతు నాకు తెలియదా? అడిగింది చాలదన్నట్టు రెండు పేజీలు రాసిచ్చాను. ఆరో తరగతి నుంచి ఆ పిల్లవాడు నిన్ను చెరువు చుట్టూ తిప్పి ఎలా చెడగొట్టబోయాడో, ఇంటర్‌లో చేరగానే నేను చెరువు మాన్పించి పాటల్లో పెట్టి నిన్ను ఎలా కాపాడుకున్నానో, అంతా. ఎస్సై చదివి "ఎంత మంచి తెలుగు మేడమ్" అన్నాడు. పాపం, స్టేషన్‌లో అతనికి అలాంటి భాగ్యం అరుదు.

ఇంకొక మాట. నవ్వకు. నువ్వు వెళ్ళిన మూడో రోజు సాయంత్రం వసారాలో చిక్కుడుకాయలు వొలుస్తుంటే నీ గొంతు వినిపించింది. అదే పాట. మూడో చరణంలో అదే చోట ఊపిరి తెగింది, ఎన్నిసార్లు చెప్పినా నువ్వు దిద్దుకోని చోట. మిషన్ తీశాను, పోయింది. పెట్టుకున్నాను, వచ్చింది. చెవి చెడితే మిషన్ పెట్టించుకున్నాం, ఇప్పుడు మనసు చెడినట్టుంది, దానికి ఏం పెడతారో. మిషన్ తీసి ఒళ్ళో పెట్టుకుని మిగతా చిక్కుడుకాయలు వొలిచాను.

మీ నాయిన లారీ నాగ్‌పూర్ దాటిందట. దసరాకూ రాలేదు. నువ్వు అత్తను విసిగించకు.

అవ్వ

---

నిజామాబాద్,
12 అక్టోబర్

అవ్వకు వందనాలు,

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించమన్నవు. సగం చదివిన. ముక్కు చీదిన. జలుబు అనుకొని అత్త ఆవిరి పట్టించింది.

నేను మంచిగనే ఉన్న. అత్త డ్యూటీకి పోయినంక ఇంట్ల సప్పుడే ఉండది. పక్కింట్ల నా ఈడు పోరడు ఒకడున్నడు, క్రికెట్‌కు పిలిచిండు. పోలే. అత్త పొమ్మన్నది, "ఇంట్ల కూసుంటె నీకు కొమ్ములొస్తయారా" అన్నది. ఎవ్వరితోని దోస్తీ చెయ్యబుద్ధి అయితలేదు.

బాలేష్ అన్న కాలు ఎట్లున్నది? నడుస్తున్నడా? చింటును ఇంటికి పంపిన్రా? చింటు ఏమన్న చెప్పిండా? మల్లేష్ కాక మన ఇంటి దిక్కు వచ్చిండా?

నువ్వు రాసిచ్చిన రెండు పేజీలు వాపసు తీసుకోవచ్చా అవ్వా? ఊరికె అడుగుతున్న.

నా గొంతు వినపడ్డదని రాసినవు. సాయంత్రం పూట వసారాల కూసోకు. దోమలుంటయి.

బెన్నీ

---

శామీర్‌పేట,
18 అక్టోబర్

బెన్నీకి,

దోమల గురించి నీ శ్రద్ధ చదివి ఆశ్చర్యపోయాను. ఇన్నేళ్ళలో నా దోమతెర ఒక్కసారి కూడా కట్టలేదు నువ్వు. దూరం మనిషికి మర్యాద నేర్పుతుందన్నమాట.

"చింటు ఏమన్న చెప్పిండా" అని అడిగావు. ఆ ప్రశ్నలో ఉన్న భయం నాకు తెలుస్తోంది బిడ్డా. వాడు నీ పేరు ఇరికిస్తాడేమోనని నీ భయం. ఇరికించలేదు. నీ పేరే కాదు, ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పినా చెల్లదు, నా రెండు పేజీలు అక్కడున్నాయి. వాపసు తీసుకోవడం ఎందుకు? జాలితో అడిగావని తెలుసు. నీకున్న జాలిలో సగం వాడికి బుద్ధి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. పోయినవారం మల్లేష్ పూచీ మీద వాణ్ణి ఇంటికి పంపారు. వచ్చే నెల ఇరవైన, పిల్లల కేసులు చూసే బోర్డు ముందు వాయిదా. కాలేజీలో మాత్రం, కేసు తేలేదాకా రావద్దన్నారట.

మల్లేష్ వచ్చాడు, అదీ అడిగావు గనుక చెప్తున్నాను. గేటు బయటే నిలబడ్డాడు, నేనూ లోపలికి రమ్మనలేదు. చేతిలో తడిగుడ్డలో చుట్టిన కొర్రమీను.

"టీచరమ్మా, మా పోరనికి గేరు బండి నడుపుడే రాదు. సైకిలు తప్ప వానికేం ఎరుక లేదు" అన్నాడు.

"నేర్చుకోవడానికి ఎంతసేపు మల్లేష్?" అన్నాను.

"నేర్పెటోడు ఎవడమ్మా? మా ఇంట్ల ఉన్నది తెప్ప. తెప్పకు గేర్లుండయి గదా."

నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. "మరి నోరెందుకు విప్పడు నీ కొడుకు?"

"అడిగిన. కొట్టిన గూడ. 'నాయినా, అది నా నోటితోని చెప్పేది గాదు' అంటడు."

"దొంగతనం ఎవరి నోటితోనైనా చెప్పుకునేది కాదులే" అన్నాను. అతను చేపను గేటు దిమ్మె మీద పెట్టి వెళ్ళిపోయాడు. లంచం చేప మన పొయ్యి ఎక్కదు, పక్కింటి బుచ్చవ్వకు ఇచ్చేశాను. బుచ్చవ్వ తీసుకుంటూ "గా చింటు రోజు నా నీళ్ళ బిందె ఎత్తి లోపట పెట్టేటోడు, ఇప్పుడు బయటికే వస్తలేడు" అంది. చేప తీసుకున్నందుకు ఆ మాత్రం పొగడాలి మరి.

బాలేష్‌కు పట్టీ విప్పలేదు. మక్కల కాలం అతనికి అట్లాగే పోయింది.

నీ ముగ్గురు జ్ఞానులు నిన్న టీకి వచ్చారు. నీ గురించి ఎంత ఆరాటమో. "ఎప్పుడొస్తడు అవ్వా? ఏమన్న రాసిండా అవ్వా?" అని ముగ్గురిదీ అదే ప్రశ్న. ఉత్తరాలు రాస్తున్నాడు, అన్నీ రాస్తాడు అన్నాను. ఆ మాటకు ఒకడి టీ ఒలికింది. గ్లాసులు కడగడం మర్చిపోయి వెళ్ళారు. పాపం, నీ మీద బెంగ.

కొబ్బరినూనె రాసుకుంటున్నావా?

అవ్వ

---

నిజామాబాద్,
24 అక్టోబర్

అవ్వా,

కూసోని చదువు. చెవి మిషన్‌తోని పని లేదు.

బండి నడిపింది నేను.

నువ్వు జూన్‌ల నన్ను ప్రాక్టీసుల పెట్టినప్పుడు మొదలు మంచిగనే పాడినం. పాటలు నేర్పే సత్యానందం సారు హాలు తాళంచెవి మా చేతికిచ్చి ఆయన రీచార్జి దుకాణంల కూసుంటడు. మైకుల పాట వినపడుతున్నదా లేదా, ఆయనకు గంతే. కొన్ని రోజులు పాడినం. కొన్ని రోజులు ఫోన్లు చూసుకుంట కూసున్నం. ఒకనాడు వాళ్ళల్ల ఒకడు వాళ్ళన్న బండి తెచ్చిండు, నాకు నేర్పిచ్చిండు. అది దొరకనప్పుడు కట్ట మీద బండ్లు. మొదటిసారి తీసినప్పుడు బండి ఊకె ఊకె బందయింది. వాళ్ళు నవ్విన్రు. రెండోసారి నవ్వొద్దని నేనే తీసిన. నన్ను ఎవ్వరు చెడగొట్టలే అవ్వా. వాళ్ళు చూస్తుంటె నేను చేసిన. ఒక్కన్నే ఉంటె చెయ్యకపోయేటోన్ని. వాళ్ళల్ల ఎవ్వడన్న ఒక్కడే ఉన్నా చెయ్యకపోయేటోడు.

మైకు బందయితే నువ్వు గేటు కాడికి వస్తవని నాకు తెలుసు. అందుకని ఒకనాడు పాటలన్ని ఒక్కసారి మంచిగ పాడి వాళ్ళల్ల ఒకని ఫోన్ల రికార్డు చేసినం. పోయేముందు ఫోను మైకుకు కలిపి, హాలుకు తాళమేసి పోయేటోళ్ళం. ఆ రోజు నాకు జలుబు. మూడో చరణంల ఊపిరి తెగింది. మళ్ళ పాడుదామంటె ఎవ్వడు ఆగలే. "రోజు అదే చోట తెగుతున్నవు, సిగ్గులేదా" అని నువ్వు అన్నం పెట్టుకుంట తిట్టేదానివి. అప్పుడు లోపల లోపల నవ్వుకునేటోన్ని.

ఆ శనివారం నలుగురం ఒక్క బండి మీద ఉన్నం, బాలేష్ అన్నను గుద్దినంక ముగ్గురు నన్ను ఇడిచిపెట్టి ఉరికిన్రు. నేను చింటుకు ఫోన్ చేసిన. జూన్ కెల్లి వానికి ఒక్కసారి చెయ్యలే. ఎత్తుడుతోనే "యాడున్నవ్‌రా" అన్నడు, ఇంకేం అడగలే. సైకిల్ మీద వచ్చిండు. బాలేష్ అన్న తలకాయ ఒళ్ళె పెట్టుకొని ఆటో ఆపిండు. "నువ్వు పో. అవ్వకు తెలిస్తె తట్టుకోదు. నేను చూసుకుంట" అన్నడు. పోయిన. అవ్వా, పొమ్మన్నడని పోయిన. మర్నాడు నువ్వు ఎస్సైతోని చెప్తుంటె తలుపెనక నిలబడి విన్న. అప్పుడన్న బయటికి రావాలె. రాలే.

చెరువు కాడ నాకు ఎప్పుడు గిట్ల కాలే. మల్లేష్ కాక ఖాళీగ కూసోనియ్యడు. "చేతులు ఊకెనే ఉన్నయేందిరా" అని వల అంచు చేతుల పెడుతడు. ముడి తప్పు వేస్తె తిడుతడు, విప్పించి మళ్ళ వేయిస్తడు. పొద్దుగూకక ముందే "లెవ్వు, ఇంటికి పో, మీ అవ్వ గేటు కాడ నిలబడుతది" అని తరిమేటోడు. హాల్ల మమ్ముల ఎవ్వడు తరమలే.

నేను వస్త. బోర్డు ముందు చెప్త. నువ్వు ఊ అను.

బెన్నీ

---

శామీర్‌పేట,
29 అక్టోబర్

బెన్నీకి,

నీ ఉత్తరం చదివాను. నమ్మలేదు.

నాకు తెలుసు నువ్వు ఏం చేస్తున్నావో. స్నేహితుడి కోసం నేరం నెత్తిన వేసుకోవడం చదవడానికి బాగుంటుంది. నేనే అలాంటి పాఠాలు ఎన్నో చెప్పాను, పిల్లలు ఏడ్చేవాళ్ళు, పరీక్షలో మార్కులు కూడా బాగా వచ్చేవి. కానీ బోర్డు ముందు అలాంటి పాఠం చదివితే నీ బతుకు పోతుంది. చింటు మీద జాలి ఉంటే వాడి కోసం ప్రార్థన చెయ్యి. మోకాళ్ళు అరుగుతాయి తప్ప కేసు పడదు.

ఆ రోజు నేను నీ గొంతు విన్నాను. పుట్టిన రాత్రి నుంచి వింటున్న గొంతు. మీ అమ్మ పోయాక, జ్వరంలో నువ్వు నిద్రలో మూలిగితే రెండు గదుల అవతల లేచినదాన్ని. నా మనవడి గొంతు ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలియదా? ఫోన్లు, రికార్డులు అని నాకు అర్థంకాని యంత్రాలు మధ్యలో పెడితే నోరు మూసుకుంటాననుకున్నావు. జలుబు సంగతి కూడా కలిపావు. కథలో అంత సరుకు పెట్టక్కర్లేదు.

మల్లేష్ నీకు కబురేమైనా పంపాడా? రెబెక్కాను నిలదీసి అడుగుతాను.

నీ ఉత్తరం ఎవరికీ చూపలేదు. బిస్కెట్ల డబ్బాలో ఫోను కింద పెట్టాను. అక్కడే ఉండనీ. నువ్వు రావద్దు.

ఇక్కడ ఈ మధ్య గాలి మళ్ళితే జవహర్‌నగర్ చెత్తకుప్ప వాసన ఇక్కడిదాకా వస్తోంది. కిటికీలు మూసుకుని కూర్చుంటున్నాను. పాటా వినపడదు, వాసనా రాదు.

అవ్వ

---

నిజామాబాద్,
3 నవంబర్

అవ్వా,

వసారాల కూసోని వినకు. హాలు దాక పోయి చూడు.

అత్తకు అంతా చెప్పిన. కొట్టింది, ఏడ్చింది, మీ నాయినకు నేను చెప్త అన్నది, ఇప్పుడు రైలు టైము చూస్తున్నది. కానీ నువ్వు పిలిచేదాక రానని చెప్పిన. నిన్ను అబద్ధం చేసి నేను నిజం చెప్పలేను. ముందు నువ్వు చూడాలె.

బెన్నీ

---

శామీర్‌పేట,
11 నవంబర్

బెన్నీ,

చూశాను.

శనివారం కిటికీ తెరిచి కూర్చున్నాను. మైకు మొదలైంది. చెప్పులు వేసుకుని బయల్దేరాను. మన ఇంటి నుంచి హాలుకు ఎంత దూరం? బుచ్చవ్వ ఇల్లు, పిండిమర, మలుపు, అంతే. జూన్ నుంచి ఆ మలుపు తిరగలేదు నేను. నాకు వినిపిస్తోంది గదా, ఇంక చూసేదేముందని.

తలుపుకు బయట తాళం వేసి ఉంది. లోపల నువ్వు పాడుతున్నావు.

కిటికీలోంచి చూశాను. ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి. లైటు వేసి ఉంది. మైకు పెట్టె మీద ఒక ఫోను. ఇంకేమీ లేదు. నువ్వు నిజామాబాద్‌లో ఉన్నావు, ఇక్కడ పాడుతున్నావు. నీ గొంతు లేకుండా మళ్ళీ పాడి పెట్టుకునే ఓపిక కూడా లేదు ఆ పిల్లలకు. అక్టోబర్‌లో నాకు మనసు చెడిందని రాశాను. చెడింది మనసు కాదు.

మూడో చరణం దాకా నిలబడ్డాను. తెగింది. అదే చోట.

బుచ్చవ్వ పాలు తెచ్చుకుంటూ ఆగింది. "ఏందమ్మా, కిటికీల తొంగి చూస్తున్నవు?"

"నా మనవడు పాడుతున్నాడు" అన్నాను.

తను కూడా తొంగి చూసింది. "లోపట ఎవ్వరు లేరు గదనే."

"అవును" అన్నాను.

సత్యానందం దుకాణానికి వెళ్ళి తాళంచెవి అడిగాను. "ప్రాక్టీసు నడుస్తాంది గదా టీచరమ్మా, ఇనపడ్తలేదా?" అన్నాడు. వినపడుతోంది నాయనా, నీకూ నాకూ ఇన్ని నెలలూ బాగా వినపడింది అన్నాను. అతను హాలు దాకా వచ్చి చూసి, మెట్ల మీద కూలబడ్డాడు. నేనూ పక్కనే కూర్చున్నాను. చీకటి పడే వేళకు ముగ్గురూ ఒకే బండి మీద వచ్చి దిగారు. మమ్మల్ని చూశారు. అలవాటు కొద్దీ "వందనాలు అవ్వా" అన్నారు. వాళ్ళకు పెట్టిన పేరు ఆ మెట్ల మీదే తీసేశాను. వాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళకు సత్యానందం చేతే చెప్పించాను. వాళ్ళూ నా లాంటి వసారా మనుషులే.

ఆదివారం ఆరాధన అయ్యాక చెరువు కట్ట మీదికి వెళ్ళాను. మల్లేష్ ఒక్కడే వల బాగు చేసుకుంటున్నాడు. ఒక అంచు కాలి బొటనవేలికి తగిలించుకున్నాడు, అవతలి అంచు పట్టడానికి మనిషి లేడు.

"మల్లేష్, నేను రాసిచ్చింది తప్పు. బండి నడిపింది మా బెన్నీ" అన్నాను.

అతను తలెత్తలేదు. "ఎరుకే" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"చేప తెచ్చిన్నాడే. మా వాడు ఎవని కోసం గంత తన్నులు తింటడు? ఇంకెవడున్నడు వానికి?"

"మరి గేటు దగ్గర ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె ఇనేటట్టు ఉన్నరా మీరు?" అని, వల ముడి బిగించి, "మీరు రాసింది మస్తు మంచి తెలుగట గదా టీచరమ్మా. మా పోరని ముంగటనే సదివి ఇనిపిచ్చిన్రు. నాకు సగం సమజ్ గాలే. మా వానికి మొత్తం సమజ్ అయ్యింది. తలకాయ దించుకొని ఇన్నడు" అన్నాడు.

నన్ను ఇంతకంటే గట్టిగా ఎవరూ కొట్టలేదు. ఆ రెండు పేజీల్లో చింటు గురించి నేను వాడిన మాటలు నీకు రాయను. వాడు విన్నాడు, చాలు.

అక్కడి నుంచి వాళ్ళింటికి వెళ్ళాను. చింటు గడప లోపల నిలబడే మాట్లాడాడు. చిక్కిపోయాడు. కట్ట మీద బండి కనిపిస్తే దూరం నుంచి చుట్టూ తిరిగి నడుస్తున్నాడట, ఎవరైనా చూస్తే ఏమంటారోనని. బెన్నీ వస్తున్నాడు, అన్నీ తనే చెప్తాడు అన్నాను.

"రానియ్యి అవ్వా" అన్నాడు.

"వాడి మీద కోపమా?"

"కోపం లేదు. వాడు వస్తడు, చెప్తడు అని రోజు అనుకున్న. హోంల గూడ అనుకున్న. అనుకొని అనుకొని అలిసిపోయిన." చౌకట్టు గోటితో గీకుతూ, "ఇగ దోస్తానా వద్దవ్వా. చెప్పు వానికి" అన్నాడు.

చెప్పమన్నాడు గనుక చెప్పాను. వాడి మాట ఒక్కటైనా ఉన్నది ఉన్నట్టు రాయాలి గదా నేను.

నీ మీద నాకున్న కోపం వేరే ఉంది, అది ఇంటికి వచ్చాక వడ్డిస్తాను. చల్లారదులే. కానీ మల్లేష్ దగ్గర నీ చేతులకు పని ఉండేది, తిట్టేవాడు ఉండేవాడు, పొద్దుగూకితే తరిమేవాడు ఉండేవాడు. అవన్నీ తీసేసి నీకు నేను ఇచ్చింది ఒక తాళంచెవి, ఖాళీ సాయంత్రాలు. ఇచ్చి, వసారాలో కూర్చుని గర్వంగా విన్నాను. చేపల వాసన వస్తోందని నీ చొక్కా వేరుగా ఉతికించేదాన్ని. ఇవాళ ఆ వాసన ఉన్న చొక్కా ఒకటైనా ఉందేమోనని నీ బీరువా వెతికాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

స్టేషన్‌కు వెళ్ళాను. ఇచ్చిన కాగితం చింపేస్తామంటే కుదరదట, తప్పని బోర్డు ముందే చెప్పాలట. ఇంకొక కాగితం రాసిచ్చాను. ఈసారి ఒక్క వాక్యం. "ఆ సాయంత్రం నేను విన్నది నా మనవడి గొంతును, నా మనవణ్ణి కాదు." ఎస్సై చదివాడు. తెలుగు గురించి ఏమీ అనలేదు. ఇరవైన నేనూ వస్తాను. నీ పక్కన కాదు, చింటు పక్కన కూర్చుంటాను, వాడు కూర్చోనిస్తే. నీ పక్కన రెబెక్కా ఉంటుంది. మీ నాయిన లారీ దిగి నేరుగా అక్కడికే వస్తానన్నాడు.

బాలేష్ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇప్పుడు ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతున్నాడు, కూర్చుని అమ్ముకోవచ్చని. అతని దగ్గరికి నువ్వు ఒక్కడివే వెళ్ళాలి. ఏం చెప్పాలో నన్ను అడగకు. ఈ విషయంలో నేను మంచి పంతులమ్మను కాను.

ఇక చెయ్యాల్సిన పని. పద్దెనిమిదిన పొద్దుటి రైలుకు బయల్దేరు. మేడ్చల్‌లో దిగగానే రెబెక్కాను సామానుతో ఆటో ఎక్కించి ఇంటికి పంపెయ్యి. నువ్వు బజార్లోకి నడిచి, వలలకు వాడే నైలాన్ దారం ఒక పెద్ద ఉండ కొను. తెల్లది ఇస్తారు, తీసుకోకు. మల్లేష్ వల ఆకుపచ్చది. దుకాణంలో చూపించడానికి కట్ట మీద తెగి పడి ఉన్న ముక్క ఒకటి ఏరి ఈ కవరులో పెట్టాను. రంగు, లావు రెండూ సరిచూసుకో. బస్సెక్కి శామీర్‌పేటలో దిగి నేరుగా కట్ట మీదికి వెళ్ళు. మల్లేష్ మాట్లాడకపోతే నువ్వు మాట్లాడించకు. దారం అతని పక్కన పెట్టి కూర్చో. వల అంచు చేతికిస్తే పట్టుకో. ఇవ్వకపోతే ఖాళీ చేతులతోనే కూర్చుని, పొద్దుగూకక ముందే లేచి ఇంటికి రా. ఇప్పుడు ఎవరూ తరమకపోవచ్చు, నీ అంతట నువ్వే లేవాలి. నేను గేటు దగ్గర నిలబడి ఉంటాను.

దారం కొనేముందు కొస పళ్ళతో లాగి చూడు. సులువుగా తెగితే పాతది, వేరే ఉండ ఇమ్మను.

అవ్వ